బిడ్డలనిచ్చిన నేలకు వాస్తవాలు బాకీ

2020 జూన్ 15 రాత్రి తూర్పు లద్దాఖ్‌లోని గల్వాన్ లోయలో చైనా సైన్యంతో జరిగిన ఘర్షణలో 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. వాళ్లను ముందుండి నడిపించిన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ. కోరుకొండ సైనిక్ స్కూల్లో చదువుకుని, బిహార్ రెజిమెంట్ 16వ బెటాలియన్‌కు కమాండింగ్ అధికారి అయిన ఆయన వయసు అప్పటికి 37 ఏళ్లు. జూన్ 18న సూర్యాపేట పక్కనే ఉన్న కేసారంలో సైనిక లాంఛనాలతో అంత్యక్రియలు జరిగాయి. కరోనా ఆంక్షలున్న రోజులు కావడంతో రాలేకపోయిన వాళ్లంతా టీవీల్లో, ఫోన్లలో చూసి కన్నీళ్లు పెట్టుకున్నారు.

ఆ దుఃఖం రోజుల్లోనే ఆగ్రహమైంది. చైనా సరుకులు కొనొద్దన్న పిలుపులు వాట్సాప్ గ్రూపుల నిండా తిరిగాయి. జూన్ 29న కేంద్రం ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్ కింద టిక్‌టాక్ సహా 59 చైనా యాప్‌లను నిషేధించింది. అప్పటికి మన దేశంలో టిక్‌టాక్ వాడేవాళ్లు దాదాపు 20 కోట్ల మంది. ఏ ఫోన్లలో ఆగ్రహం రగిలిందో ఆ ఫోన్లలోనే ప్రభుత్వ జవాబు కూడా కనిపించింది. సరిహద్దులో ఏం జరిగిందన్నది మాత్రం అంత స్పష్టంగా ఎవరికీ కనిపించలేదు.

విదేశాంగ విధానానికి ప్రజల మద్దతు కూడగట్టుకోవడం ఏ ప్రభుత్వానికైనా హక్కే. మద్దతు అడిగిన ప్రభుత్వం వాస్తవాలు చెప్పడం అంతకంటే ముందు రావలసిన బాధ్యత. సోషల్ మీడియా చేతికి వచ్చాక హక్కును వాడుకోవడం పెరిగింది, బాధ్యతను నెరవేర్చడం తగ్గింది. ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు ఢిల్లీ దౌత్యానికి ఎంతో దూరంగా ఉన్నట్టు కనిపిస్తాయి. కానీ ఆ దౌత్యానికి ప్రాణాలతో, పంటతో మూల్యం చెల్లించిన ప్రాంతాలివి. అందుకే ఈ లెక్క ఇక్కడి నుంచే అడగాలి.

గల్వాన్ మిగిల్చిన ప్రశ్నలు

2020 జూన్ 19న జరిగిన అఖిలపక్ష సమావేశంలో ప్రధాని నరేంద్ర మోదీ మన భూభాగంలోకి ఎవరూ చొరబడలేదని, మన పోస్టులేవీ ఎవరి స్వాధీనంలోనూ లేవని చెప్పారు. ఆ మాటలకు కొందరు పెడర్థాలు తీస్తున్నారంటూ మర్నాడే ప్రధాని కార్యాలయం వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. ఎవరూ రాకపోతే ఘర్షణ ఎక్కడ జరిగింది? మనవాళ్లు ఎవరిని ఆపబోయి ప్రాణాలిచ్చారు? సూర్యాపేటలో ఏ ఇంట్లోనైనా సహజంగా పుట్టే ప్రశ్నలివి. కానీ సోషల్ మీడియాలో ఆ ప్రశ్నలు వేసిన వాళ్ల మీద సైన్యాన్ని అవమానించారన్న ముద్ర పడింది.

సెప్టెంబర్ 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ లోక్‌సభలో ప్రకటన చేశారు. లద్దాఖ్‌లో సుమారు 38 వేల చదరపు కిలోమీటర్ల భూమి చాలాకాలంగా చైనా అక్రమ ఆక్రమణలో ఉందని గుర్తుచేశారు. ప్రతిపక్షాలు అడిగిన పూర్తిస్థాయి చర్చ మాత్రం జరగలేదు. 1962లో చైనాతో యుద్ధం నడుస్తుండగానే నెహ్రూ పార్లమెంటును ముందుగా సమావేశపరిచారు. లోక్‌సభలో రోజుల తరబడి సాగిన చర్చలో 165 మంది సభ్యులు మాట్లాడారు. సొంత పార్టీ వాళ్లే ఆయన విధానాన్ని నిలదీశారు. ఆ ప్రభుత్వానికి ఆ చర్చలో దక్కిన గౌరవం తక్కువే. ఏం పోగొట్టుకున్నామో మాత్రం దేశానికి తెలిసింది.

గల్వాన్ తర్వాతి కథ కూడా ఫోన్లలో కనిపించినంత సరళంగా లేదు. బహిష్కరణ పిలుపులు ఇచ్చిన మరుసటి ఏడాదే, 2021లో, భారత్-చైనా వాణిజ్యం 12,500 కోట్ల డాలర్లు దాటింది. 2024-25లో చైనాతో మన వాణిజ్య లోటు దాదాపు 9,900 కోట్ల డాలర్లకు చేరింది. మందుల ముడిసరుకు దగ్గర్నుంచి సోలార్ పరికరాల దాకా ఎన్నో అక్కడి నుంచే వస్తున్నాయి. 2024 అక్టోబర్‌లో దెప్సాంగ్, దెమ్‌చోక్‌లలో గస్తీపై ఒప్పందం కుదిరింది. 2025 ఆగస్టు 31న తియాన్జిన్‌లో మోదీ, షీ జిన్‌పింగ్ కరచాలనం చేసుకున్నారు. ఆ అక్టోబర్‌లో నేరుగా విమానాలు మళ్లీ మొదలయ్యాయి.

ఈ రాజీ తప్పని అనడం లేదు. పొరుగున ఉన్న పెద్ద దేశంతో ఎప్పుడూ కయ్యంలో ఉండలేం. కానీ 2020లో కోపం ఎందుకు అవసరమో అంత గట్టిగా చెప్పిన వాళ్లు, 2025లో సర్దుబాటు ఎందుకు అవసరమో అదే ప్రజలకు విడమరిచి చెప్పాలి. ఏ ప్రాంతాల్లో మునుపటిలా గస్తీ తిరగగలుగుతున్నాం, ఎక్కడ ఇరుపక్షాలూ అడుగుపెట్టని మధ్యస్థ మండలాలు ఏర్పడ్డాయి, అందులో మన పశువుల కాపరులు కోల్పోయిన మేత భూమి ఎంత? మహావీర చక్రతో, సూర్యాపేట కూడలిలో విగ్రహంతో సంతోష్‌బాబును గౌరవించుకున్నాం. ఆయన దేనికోసం ప్రాణమిచ్చారో, అది ఇప్పుడు ఏ స్థితిలో ఉందో చెప్పడం ఆ గౌరవంలో మిగిలిపోయిన భాగం.

మద్దతు ఎలా తయారవుతుంది?

దేశం ఆపదలో ఉన్నప్పుడు జనం నాయకుడి వెనక చేరతారని అమెరికా రాజనీతి శాస్త్రవేత్త జాన్ మ్యూలర్ 1970లోనే గణాంకాలతో చూపించారు. అప్పట్లో ఆ మద్దతు పత్రికలు, రేడియో, టీవీల గుండా ప్రవహించేది. మధ్యలో సంపాదకులు, విలేకరులు ఉండేవారు. ఇప్పుడు ప్రభుత్వం నేరుగా పౌరుడి అరచేతిలోకి వస్తోంది. 2010లో మన విదేశాంగ శాఖ ట్విటర్‌లోకి వచ్చినప్పుడు దాన్ని సేవగానే మొదలుపెట్టింది. 2011లో లిబియా నుంచి మనవాళ్లను తీసుకొస్తున్నప్పుడు సమాచారం అందించడానికి అది పనికొచ్చింది. సుష్మా స్వరాజ్ మంత్రిగా ఉండగా గల్ఫ్‌లో చిక్కుకున్న కూలీ కూడా ఒక్క ట్వీట్‌తో సాయం అడగగలిగాడు. ఇది సోషల్ మీడియా చేసిన మేలు. దాన్ని కాదనలేం.

తర్వాత ఆ వేదిక పని మారుతూ వచ్చింది. ప్రజలకు సమాచారం ఇవ్వడం కన్నా ప్రజల మనసును మలచడం ముఖ్యమైంది. ఇది ప్రధానంగా మూడు పద్ధతుల్లో జరుగుతోంది.

మొదటిది, సుదీర్ఘమైన విధానాన్ని అర నిమిషం గర్వంగా కుదించడం. 2022 జూన్‌లో విదేశాంగ మంత్రి జైశంకర్ బ్రాటిస్లావాలో, తన సమస్యలే ప్రపంచ సమస్యలన్న ధోరణి నుంచి యూరప్ బయటపడాలన్నారు. ఆ క్లిప్పు రకరకాల సబ్‌టైటిళ్లతో, పాటలతో కోట్ల ఫోన్లకు చేరింది. రష్యా చమురు కొనడంపై పాశ్చాత్య దేశాల ఒత్తిడికి అది దీటైన జవాబే. ఉక్రెయిన్ యుద్ధానికి ముందు మన ముడిచమురు దిగుమతుల్లో రెండు శాతం దగ్గర ఉన్న రష్యా వాటా తర్వాత మూడో వంతు దాటింది. అయితే 2022 మే నుంచి 2024 మార్చి దాకా హైదరాబాద్‌లో లీటరు పెట్రోలు రూ.109.66 దగ్గరే ఆగిపోయింది. చౌక చమురు లాభంలో చమురు కంపెనీలకు ఎంత, ఖజానాకు ఎంత, దేవరకొండలో ట్రాక్టర్‌కు డీజిల్ పోయించుకునే రైతుకు ఎంత దక్కిందన్నది ఆ క్లిప్పు చెప్పలేదు. విధానంలో గర్వించదగ్గ ముక్క అందరికీ చేరింది, ఖర్చు-రాబడి లెక్క ఎవరికీ చేరలేదు.

రెండోది, దేశం సాధించిన దాన్ని ఒక వ్యక్తి ఖాతాలో వేయడం. 2022లో ‘ఆపరేషన్ గంగ’ కింద ఉక్రెయిన్ నుంచి దాదాపు 22,500 మందిని తీసుకొచ్చారు. వాళ్లలో తెలుగు వైద్య విద్యార్థులూ ఉన్నారు. ఎముకలు కొరికే చలిలో సరిహద్దుల దగ్గర నిలబడి పనిచేసిన దౌత్య సిబ్బందికి దేశం రుణపడి ఉంది. మనవాళ్లు బయటపడేందుకు ప్రధాని యుద్ధాన్నే ఆపించారన్న ప్రచారం అప్పుడే మొదలైంది. అలా అనుకోవడం సరికాదని విదేశాంగ శాఖ ప్రతినిధి అరిందమ్ బాగ్చీ 2022 మార్చిలోనే స్పష్టం చేశారు. అయినా 2024 ఎన్నికల ప్రచార వీడియోలో అదే మాట మళ్లీ వినిపించింది. ఒక శాఖ ఖండించిన మాట ఓటు అడిగే చోట నిజమై కూర్చుంది.

మూడోది, వినిపించకూడదనుకున్న గొంతులను మూసేయడం. 69ఏ కింద ఇచ్చే నిషేధాజ్ఞలను 2009 నిబంధనల్లోని 16వ నిబంధన గోప్యంగా ఉంచుతుంది. ఏ ఖాతాను ఎందుకు ఆపారో పౌరుడికి తెలియదు. 2025 మేలో పాకిస్తాన్‌తో ఘర్షణ వేళ ఎనిమిది వేలకు పైగా ఖాతాలను ఆపమని కేంద్రం ఆదేశించిందని, చాలావాటి విషయంలో ఏ పోస్టు చట్టాన్ని ఉల్లంఘించిందో చెప్పలేదని ఎక్స్ సంస్థ ప్రకటించింది. శత్రువు అబద్ధాలను ఆపాలి, ఆ విషయంలో రెండో మాట లేదు. కారణం చెప్పకుండా ఆపితే అబద్ధంతో పాటు విమర్శ కూడా ఆగిపోతుంది.

ఆవేశానికి తూము ఎత్తితే

ఇలా తయారైన మద్దతు ప్రభుత్వానికైనా మేలు చేస్తుందా అంటే, అదీ లేదు. 2025 మే 7 తెల్లవారుజామున ‘ఆపరేషన్ సిందూర్’ మొదలైంది. పహల్గామ్‌లో 26 మందిని పొట్టనపెట్టుకున్న ఉగ్రవాదానికి జవాబుగా దేశమంతా దాన్ని సమర్థించింది. కాంగ్రెస్ ప్రభుత్వమున్న తెలంగాణలోనూ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సైన్యానికి సంఘీభావంగా ర్యాలీ నడిపారు. నియంత్రణ రేఖ దగ్గర శ్రీసత్యసాయి జిల్లా కల్లితండా జవాను మురళీ నాయక్ అమరుడయ్యాడు. ఆ రాత్రుల్లో కొన్ని టీవీ చానెళ్లు కరాచీ ఓడరేవు నాశనమైందని, పాకిస్తాన్ నగరాలు మన చేతికొచ్చేశాయని చెప్పాయి. ఆ ముక్కలు క్షణాల్లో ఊరూరికీ పాకాయి. అవన్నీ అబద్ధాలు.

మే 10న కాల్పుల విరమణ వార్త దేశ ప్రజలకు మొదట మన ప్రభుత్వం నుంచి రాలేదు, అమెరికా అధ్యక్షుడు ట్రంప్ సోషల్ మీడియా పోస్టు నుంచి వచ్చింది. కరాచీ పడిపోయిందని నమ్మిన జనానికి యుద్ధం ఎందుకు ఆగిందో అర్థం కాలేదు. ఆ కోపం విదేశాంగ కార్యదర్శి విక్రమ్ మిస్రీ మీద, ఆయన కుటుంబం మీద పడింది. ప్రభుత్వ నిర్ణయాన్ని ప్రకటించడం తప్ప ఏ పాపమూ ఎరుగని ఆ అధికారి తన ఎక్స్ ఖాతాకు తాళం వేసుకోవలసి వచ్చింది. యుద్ధ విమానాలు కొన్ని కోల్పోయిన మాట వాస్తవమేనని త్రిదళాధిపతి అనిల్ చౌహాన్ మే 31న సింగపూర్‌లో ఒక విదేశీ టీవీకి చెప్పారు. సొంత ప్రజలకు చెప్పడానికి ఇబ్బందిపడ్డ నిజాన్ని మూడు వారాల తర్వాత పరాయి గడ్డ మీద ఒప్పుకోవలసి వచ్చింది.

రాజనీతి శాస్త్రవేత్త జేమ్స్ ఫియరన్ 1994లో ఒక వాదన చేశారు. బహిరంగంగా మాట ఇచ్చి వెనక్కి తగ్గిన ప్రభుత్వం సొంత ప్రజల దగ్గర మూల్యం చెల్లిస్తుంది, అందువల్లే దాని బెదిరింపును శత్రువు నమ్ముతాడు. వినడానికి ఇది బలంలా ఉంటుంది. కానీ సర్దుకోవలసిన రోజు వచ్చినప్పుడు అదే బలం సంకెల అవుతుంది. సాగర్ కాలువ కింద సేద్యం చేసే వాళ్లకు తెలుసు, తూము ఎత్తడం ఎంత ముఖ్యమో సమయానికి దించగలగడం అంత ముఖ్యం. అతిశయోక్తులతో పెంచిన ఆవేశాన్ని దించడం ఎవరికీ చేతకాదు. నిజాలు తెలిసి ఇచ్చిన మద్దతు అయితే ప్రభుత్వం ఒక అడుగు వెనక్కి వేసినా నిలబడుతుంది.

దీనికి పూర్తి వ్యతిరేక దిశలో వెళ్లిన దేశం చైనా. గల్వాన్‌లో తమవైపు చనిపోయిన వాళ్ల సంగతిని అది ఎనిమిది నెలలు దాచింది. 2021 ఫిబ్రవరిలో నలుగురని ప్రకటించింది. ఆ సంఖ్యను ప్రశ్నించిన ఒక బ్లాగర్‌కు ఎనిమిది నెలల జైలు వేసింది. మన రాయబార కార్యాలయం పెట్టిన మోదీ ప్రసంగ పాఠాన్ని కూడా అక్కడి వేదికలు తొలగించాయి. తమ సైనికుల తల్లిదండ్రులకే నిజం చెప్పలేని ప్రభుత్వం అది. ప్రశ్నించిన వాడిని శత్రువు పక్షాన చేర్చే అలవాటు మనల్ని నడిపించేది ఆ దారిలోకే.

నారాయణపేట నుంచి యుద్ధభూమికి

రష్యాతో చిరకాల స్నేహం గురించి రీళ్లు మోగుతున్న కాలంలోనే, 2023 చివర్లో, నారాయణపేట జిల్లా యువకుడొకరు ఉద్యోగం కోసం రష్యా వెళ్లాడు. సహాయకుడి పని, మంచి జీతం అని ఒక యూట్యూబ్ చానెల్ నడిపే ఏజెంట్లు నమ్మించారు. తీరా అక్కడ చేతికి తుపాకీ ఇచ్చి ఉక్రెయిన్ యుద్ధరంగం వైపు పంపారు. ఇలాగే వెళ్లిన హైదరాబాద్ యువకుడొకరు తిరిగి రాలేదు. తల్లిదండ్రులు నాయకుల తలుపులు తట్టారు, చిక్కుకున్న వాళ్లు వీడియోల్లో వేడుకున్నారు. 2024 మార్చిలో సీబీఐ కేసు పెట్టింది. జులైలో మాస్కోలో ప్రధాని ఈ విషయాన్ని పుతిన్ దగ్గర ఎత్తారు. సెప్టెంబర్‌లో ఆ పాలమూరు (ఉమ్మడి మహబూబ్‌నగర్) బిడ్డ ఇల్లు చేరాడు.

దౌత్యం చేయవలసిన పని చేసింది, అందుకు కృతజ్ఞత చెప్పాల్సిందే. కానీ రష్యాతో మైత్రి ఎంత గొప్పదో చెప్పడానికి పెట్టిన శక్తిలో పదో వంతు, ఆ దేశంలో ఉద్యోగాల పేరుతో జరుగుతున్న మోసాన్ని తెలుగులో, మక్తల్, కొడంగల్ కుర్రాళ్లకు అందేలా ముందే హెచ్చరించడానికి పెట్టి ఉంటే? బొంబాయి, పుణె, బెంగళూరు నిర్మాణాలకు తరతరాలుగా కూలీలనిచ్చిన పాలమూరుకు వలస అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. ఇప్పుడు ఆ వలస దేశం దాటుతోంది. ఇక్కడి యువకుడికి విదేశాంగ శాఖ నుంచి కావలసింది చప్పట్లు కొట్టే క్లిప్పుకన్నా ప్రాణం కాపాడే సమాచారం.

పత్తి సంగతీ అంతే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకులపై సుంకాలను 50 శాతానికి పెంచింది. ఎర్రకోట మీద నుంచి ప్రధాని రైతులకు గోడలా అడ్డుగా నిలబడతానన్నారు. ‘స్వదేశీ’ నినాదం అన్ని వేదికల్లోనూ మారుమోగింది. నాలుగు రోజులు తిరక్కముందే, ఆగస్టు 19 నుంచి, పత్తి దిగుమతిపై ఉన్న 11 శాతం సుంకాన్ని కేంద్రం ఎత్తేసింది. మొదట సెప్టెంబర్ 30 దాకా అన్నది తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించింది. అమెరికా దెబ్బ తిన్న వస్త్ర పరిశ్రమకు ఊరట ఇవ్వాలనుకోవడంలో అర్థముంది. కానీ అది సరిగ్గా మన రైతు పత్తి ఏరే కాలం. ఆ ఏడాది పొడుగు పింజ పత్తికి ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రూ.8,110. విదేశీ పత్తి సుంకం లేకుండా దిగితే ఆ ధర మీద ఎంత ఒత్తిడి పడుతుందో నల్గొండ, నాగర్‌కర్నూల్ రైతులను ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు. గోడ గురించిన మాట అందరి ఫోన్లకూ వచ్చింది, గోడలో తీసిన తలుపు గురించిన కబురు రాలేదు.

చేయవలసింది

1997 నవంబర్‌లో ఆకాశవాణి, దూరదర్శన్‌లను ప్రభుత్వ పట్టు నుంచి తప్పించి ప్రసార భారతికి అప్పగించినప్పుడు సమాచార ప్రసార శాఖ మంత్రి ఎస్. జైపాల్ రెడ్డి. మహబూబ్‌నగర్ నుంచీ, మిర్యాలగూడ నుంచీ లోక్‌సభకు ఎన్నికైన నాయకుడాయన. ప్రభుత్వ సొమ్ముతో నడిచే గొంతు అధికార పార్టీ గొంతు కాకూడదన్నది ఆ సంస్కరణ సారాంశం. ప్రసార భారతి ఆ ఆశయాన్ని పూర్తిగా నిలబెట్టుకోలేదు. అయినా ఆ సూత్రం తప్పు కాదు, దాన్ని ఇప్పుడు సోషల్ మీడియాకు వర్తింపజేయాలి. 2023 డిజిటల్ ప్రకటనల విధానంతో సోషల్ మీడియాకూ పాడ్‌కాస్ట్‌లకూ ప్రభుత్వ ప్రకటనల డబ్బు వెళ్లే దారి ఏర్పడింది కాబట్టి ఈ అవసరం మరింత పెరిగింది.

ముందుగా, సైనికుల ప్రాణాలు పోయిన ప్రతి సంఘటన మీదా పార్లమెంటులో చర్చ జరగాలి. రహస్యాలుంటే రహస్య సమావేశం పెట్టవచ్చు, చర్చే లేకుండా చేయకూడదు. రెండోది, మంత్రిత్వ శాఖల అధికారిక ఖాతాలు పార్టీ ప్రచారానికి, వ్యక్తి పూజకు వాడకుండా కచ్చితమైన నియమావళి రావాలి. విదేశాంగ విషయాల మీద ఇన్‌ఫ్లుయెన్సర్లకు ప్రజాధనం చెల్లిస్తే ఎవరికి ఎంతో ప్రకటించాలి. మూడోది, 69ఏ ఆదేశాలను కారణాలతో సహా బయటపెట్టాలి. ఇంటర్నెట్ నిలిపివేత ఆదేశాలను ప్రచురించాలని సుప్రీంకోర్టు 2020లో అనురాధా భసీన్ కేసులో చెప్పింది. ఖాతాల మూసివేతకు వేరే న్యాయం ఉండనక్కర్లేదు. నాలుగోది, పత్తి సుంకమైనా, వీసా రుసుమైనా, విదేశీ ఉద్యోగ మోసమైనా, అంతర్జాతీయ నిర్ణయాల ప్రభావాన్ని జిల్లాలవారీగా తెలుగులో వివరించే ఏర్పాటు కేంద్రం, రాష్ట్రం కలిసి చేయాలి. కలెక్టరేట్‌లో రైతుకు వానాకాలం సాగు ప్రణాళిక చెప్పగలిగినప్పుడు దిగుమతి సుంకం సంగతీ చెప్పగలం.

ఇందులో తెలుగు మీడియా బాధ్యత కూడా తక్కువ కాదు. ఢిల్లీ నుంచి వచ్చిన క్లిప్పును అలాగే దించేయడం వార్త కాదు. దాని వల్ల సూర్యాపేటకు ఏమైంది, గద్వాల సీడ్ పత్తి రైతుకు ఏమైంది అని అడగడం వార్త. పౌరులు కూడా ఒక్క నియమం పెట్టుకోవచ్చు. ఒక విదేశాంగ విజయం గురించి ఫోన్‌లో చూసినప్పుడు పంపే ముందు మూడు ప్రశ్నలు వేసుకోవాలి: దీనివల్ల మనకు ఏం వచ్చింది, ఏం పోయింది, ఇది చెప్పింది ఎవరు?

ప్రశ్నించడం సైన్యాన్ని తక్కువ చేయడం కాదు. వీళ్లను ఎందుకు పంపుతున్నాం, ఏ ఆయుధాలతో పంపుతున్నాం, ఏ లక్ష్యంతో పంపుతున్నాం అని అడిగే దేశమే తన సైనికుడి విలువ తెలిసిన దేశం. నల్గొండ, మహబూబ్‌నగర్ జనం దేశం అడిగినప్పుడల్లా వెనక్కి చూడకుండా నిలబడ్డారు, రేపూ నిలబడతారు. అంత నమ్మకంగా నిలబడే వాళ్ల దగ్గర చేదు నిజాన్ని దాచవలసిన అవసరం ఏ ప్రభుత్వానికీ లేదు. ఇకమీదట మద్దతు అడిగే ప్రతిసారీ ముందుగా వాస్తవాలు చెప్పాలి, ఆ తర్వాతే చేయి చాచాలి.